ఎవరి నుంచి ఎవరికి

1983 మే 10

పిట్స్‌బర్గ్‌లో ఇంకా చలి పోలేదు. క్లినిక్‌లో పొద్దున్నుంచీ మొటిమలు, సోరియాసిస్, ఉలిపిరి కాయలు. మిల్లు మూసేశాక చేతులు పగిలిపోయేలా గోక్కుంటున్న ఒక పెద్దాయన. చివరి పేషెంటు తెలుగమ్మాయి. చార్ట్ మీద పేరు పలకలేక నర్స్ నన్ను పిలిచింది.

నాగమణి. ఇరవయ్యారేళ్ళు. తాడేపల్లిగూడెం వైపు. భర్త కృష్ణమోహన్ హైవే డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరు. మూడేళ్ళ పాప, రేణు. నేను నోరు విప్పగానే, అమ్మయ్య, తెలుగులో చెప్పుకోవచ్చు అంది.

ఎడమ ముంజేతి మీద మచ్చ. అరచేయంత ఉంది. రంగు వెలిసి, అంచు కాస్త ఉబ్బి, మధ్యలో పొడిబారి. వాడిన క్రీములన్నీ సంచిలో వేసుకొచ్చింది. ఒక డాక్టరు తామర అన్నాడట. ఇంకొకాయన బొల్లి మొదలవుతోంది అన్నాడట. బొల్లి అన్న రోజు అన్నం తినలేదండీ అంది.

మచ్చ అంచున కాలిన గుర్తు. అట్లు పోస్తుంటే పెనం తగిలిందట. ఎప్పుడు తగిలిందో తెలీలేదండీ, కమురు వాసనొస్తే చూసుకున్నాను, అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మోచేయి వెనక వేళ్ళు పెట్టి చూశాను. నరం తాడులా తగిలింది. కాకినాడలో హౌస్ సర్జన్సీ చేసినప్పుడు వారానికోసారి అలాంటి నరాలు ఎన్నో పట్టుకుని చూశాను. ఈ ఊరొచ్చాక ఇదే మొదటిది. రెండు ట్యూబుల్లో వేడినీళ్ళు, చన్నీళ్ళు తెప్పించాను. మచ్చ మీద ఏది పెట్టినా, రెండూ ఒకటేనండీ అంది. చిటికెన వేలు ఎడంగా చాపమంటే సగమే వెళ్ళింది.

డాక్టర్ హాలిస్‌ని పిలిచాను. ఆయన మా ప్రొఫెసర్, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. నేను అనుకుంటున్నది చెప్పాను. ఆ నరం ఎక్కడుందో తన వేలు పట్టుకుని చూపించమన్నాడు. పుస్తకాల్లో తప్ప చూడలేదన్నాడు.

బయాప్సీ తీశాను. మత్తు ఇంజెక్షన్ ఇచ్చేదాకా ఆగనక్కర్లేదేమో అన్నంతగా అక్కడ స్పర్శ లేదు. అయినా ఇచ్చాను.

వెళ్ళేటప్పుడు అడిగింది. బొల్లి మాత్రం కాదు కదండీ? కాదన్నాను. నాకు దండం పెట్టింది.

మే 19

స్లైడ్ వచ్చింది. నరం చుట్టూ కణాలు ముట్టడి వేసినట్టు గుంపులు కట్టి ఉన్నాయి. క్రిమి కోసం హాలిస్, నేను విడివిడిగా వెతికాం. ఒక్కటీ దొరకలేదు. ఈ రకంలో దొరకవు. ఒంట్లో ప్రతిఘటన గట్టిగా ఉన్నవాళ్ళకి వచ్చే రకం ఇది. క్రిమిని ఒళ్ళే చంపుతుంది. ఆ పోరాటంలో నరం దెబ్బతింటుంది.

హాన్సెన్స్ డిసీజ్ అని రిపోర్ట్‌లో రాశారు. ఇక్కడ అందరూ ఆ పేరే వాడతారు. రేపు నాగమణికి ఏ పేరు చెప్పాలి?

మే 20

చెప్పాను. కుష్ఠు అనే చెప్పాను. నాజూగ్గా తిప్పి చెప్తే ఇంటికెళ్ళి తనే అర్థం చేసుకుంటుంది, అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

పెద్దరోగమా అండీ, అంది. తర్వాత చాలాసేపు చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఏడవలేదు. పాపని ఎత్తుకోవచ్చా అని మాత్రం అడిగింది. ఎత్తుకోమన్నాను. నీలో ఎవరికైనా అంటించేటంత క్రిమే లేదు అన్నాను. ఎప్పుడు నువ్వు అనడం మొదలుపెట్టానో తెలియదు.

కృష్ణమోహన్‌ని లోపలికి పిలిచాను. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మందపాటి నల్ల ఫ్రేము కళ్ళజోడు. మెడదాకా గుండీలు పెట్టుకున్న పూర్తి చేతుల చొక్కా. కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. తగ్గుతుందా అని అడగలేదు. అంటుతుందా అని అడగలేదు. గవర్నమెంట్‌కి రిపోర్ట్ చేస్తారా మేడమ్, అన్నాడు. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి చెయ్యాలి అన్నాను. ఇమిగ్రేషన్‌కి వెళ్తుందా, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నాను, అన్నాడు. వెళ్ళదని నాకు తెలిసినంతలో చెప్పాను.

ఇంట్లో వాళ్ళందరినీ పరీక్ష చెయ్యాలి, మీరూ పాపా రండి అన్నాను. తల ఊపాడు. భార్య వైపు చూడలేదు.

జూన్ 3

డాప్సోన్, రిఫాంపిన్ మాత్రలు మొదలుపెట్టాం. రేణుని తీసుకొచ్చింది. ఒళ్ళంతా చూశాను. ఎక్కడా ఏమీ లేదు. పాప నా స్టెతస్కోప్ వదలలేదు.

కృష్ణమోహన్‌కి ఆఫీసులో మీటింగ్ ఉందట.

జూన్ 19, ఆదివారం

రవి క్లీవ్‌లాండ్ నుంచి వచ్చాడు. నెలకి రెండు వీకెండ్లే మా కాపురం. అతని కార్డియాలజీ ఫెలోషిప్ అయ్యేదాకా ఇంతే. ఇద్దరం గుడికి వెళ్ళాం.

వంటశాలలో ఆడవాళ్ళు పులిహోర కలుపుతున్నారు. ప్రతి నెలా నాగమణే పోపు పెడుతుందట. ఇవాళ గుమ్మం బయట నిలబడి, నడుం నొప్పిగా ఉంది అంటోంది. ఎడమ చెయ్యి కొంగులో చుట్టుకుంది.

పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నాను. నీ చేత్తో కలిపితే ఎవరికీ ఏమీ కాదు అన్నాను. మీరు చెప్తే నాకు తెలుసండీ, ఆయన ఒప్పుకోవడం లేదు అంది.

అప్పుడు చెప్పింది. కంచం, గ్లాసు వేరు చేశాడట. తనకి బేస్‌మెంట్‌లో మంచం వేశాడట. పాప తండ్రి గదిలో పడుకుంటోంది. పాపకి అన్నం ఆయనే పెడుతున్నాడు. తాడేపల్లిగూడెం ట్రంక్ కాల్ చేసి, మీ ఇంట్లో ఎవరికుందో చెప్పకుండా నా గొంతు కోశారు అని వాళ్ళమ్మని నిలదీశాడట. వాళ్ళమ్మ ఏడ్చి ఏడ్చి, మా ఏడు తరాల్లో ఎవరికీ లేదు బాబూ అందట. నాకూ ఎవరూ గుర్తు రావడం లేదండీ, కానీ నాకొచ్చింది కదా, ఎక్కడో ఉండే ఉంటుంది, అంది నాగమణి.

దూరంగా కారులో కృష్ణమోహన్ కూర్చుని ఉన్నాడు. రేణు వెనక సీట్లోంచి చేతులు ఊపుతోంది.

కారులో వస్తూ రవికి పేరు చెప్పకుండా చెప్పాను. పేషెంట్ల ఇంట్లోకి వెళ్ళకు, బయటికి రాలేవు, అన్నాడు.

జూన్ 24

కృష్ణమోహన్ రాలేదు.

జూలై 8

నాగమణికి నెల తప్పింది. మేలోనే అయి ఉండాలి. రోగం గొడవలో లెక్క చూసుకోలేదట. భయపడుతూనే మొహం వెలిగిపోతోంది. రేణుకి తోడు కావాలని ఎప్పటినుంచో అనుకుంటోందట.

లూసియానాలో కుష్ఠు కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి ఫోన్ చేశాను. అక్కడి డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. పుట్టుకతో ఈ జబ్బు రాదు. డాప్సోన్ ఆపనక్కర్లేదు. తల్లికి మాత్రం ప్రసవం దగ్గర్లో నరాలు వాచే ప్రమాదం ఉంది, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. అదంతా నాగమణికి తెలుగులో రెండుసార్లు చెప్పాను. మూడోసారి తనే నాకు అప్పజెప్పింది.

జూలై 12, మధ్యాహ్నం

కృష్ణమోహన్‌కి ఆఫీసుకి ఫోన్ చేశాను. బిడ్డకి ఏమీ కాదు, లూసియానా వాళ్ళు కూడా అదే చెప్పారు అన్నాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. థ్యాంక్యూ మేడమ్, ఇది మా ఫ్యామిలీ మేటర్ మేడమ్, అన్నాడు. మీరు పరీక్షకి ఎప్పుడొస్తారు అంటే, నాకే సింప్టమ్సూ లేవు మేడమ్, అన్నాడు.

జూలై 22

మళ్ళీ రాలేదు. కౌంటీ నర్స్ మిసెస్ ఒర్టేగాకి చెప్పాను. అవసరమైతే ఇంటికే వెళ్తాను అంది.

ఆగస్టు 5

అయిపోయింది.

నాగమణి మామూలు చెకప్‌కి వచ్చినట్టే వచ్చింది. బ్లడ్ టెస్ట్ రాయబోతూ వాంతులు ఎలా ఉన్నాయి అని అడిగాను. ఇంక లేవండీ అంది. అర్థం కాక తల ఎత్తాను.

గత శనివారం భర్త ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడట. వేరే ఊళ్ళో, తెలిసినవాళ్ళు ఎవరూ తగలని చోట. నిన్నెవరూ బలవంతం చెయ్యలేదా అని అక్కడి నర్స్ అడిగిందట. లేదని చెప్పాను, ఒప్పుకున్నది నేనే కదా, అంది. వారం రోజులు ఒకటే మాట చెప్పాడట. ఇలాంటి ఒంట్లోంచి ఇంకో ప్రాణిని ఈ లోకంలోకి తేవడం పాపం, రేణు ఒక్కత్తినైనా శుభ్రంగా మిగలనీ, అని. నాలుగు రోజులు కాదన్నానండీ, అయిదో రోజు నాకూ అలాగే అనిపించింది, అంది.

తన చెయ్యి పట్టుకున్నాను. స్పర్శ తెలియని చోట పట్టుకున్నానని తర్వాత చూసి, చెయ్యి మార్చాను.

ఆగస్టు 6

ఇవాళ ఏ పనీ చెయ్యలేదు. రవి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సెప్టెంబర్ 13

భయపడ్డదే జరిగింది. మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేయి ముట్టుకోనివ్వడం లేదు. రెండు వేళ్ళు లోపలికి వంగిపోతున్నాయి. నాలుగు రోజుల నుంచీ ఇలాగే ఉందట. నొప్పి ఉందని చెప్తే ఆయన ఇంకా భయపడతాడని చెప్పలేదట.

అడ్మిట్ చేసి, వాపు తగ్గడానికి ప్రెడ్నిసోన్ పెద్ద డోసు మొదలుపెట్టాం. ప్రసవమైనా, గర్భం పోయినా, ఒంట్లోని ప్రతిఘటన ఒక్కసారిగా పైకి లేస్తుంది, అందుకే నరం వాచింది, అని హాలిస్ స్టూడెంట్స్‌కి వివరిస్తున్నాడు. మంచం మీద నాగమణి ఆ ఇంగ్లీషులో ఏ మాట అందుతుందా అని మా మొహాలు చూస్తోంది. ప్రెగ్నెన్సీ అన్న మాట తనకి తెలుసు.

సెప్టెంబర్ 27

మిసెస్ ఒర్టేగా రెండోసారి ఇంటికి వెళ్ళాక కృష్ణమోహన్ వచ్చాడు.

చొక్కా తీయమన్నాను. ముందు కళ్ళజోడు తీశాడు. నేను ఆగిపోయాను. కనుబొమలు చివర్ల సగం లేవు. ఇన్నాళ్ళూ ఆ నల్ల ఫ్రేము అక్కడే కూర్చుని ఉంది. చెవి తమ్మెలు మందంగా, మెత్తగా ఉన్నాయి. వీపంతా నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది. ఒక్క మచ్చ కూడా లేదు. ఒళ్ళంతా ఒకే మచ్చ అయినప్పుడు అలాగే ఉంటుంది.

బూట్లు విప్పమంటే చాలాసేపు విప్పలేదు. కుడి అరికాలిలో పుండు. నొప్పి లేదా అన్నాను. నా మొహం చూస్తున్నాడు, నాకు తెలిసిందా లేదా అని.

చెవి తమ్మె గీరి, స్లైడ్ కోసం స్మియర్ తీశాను.

సెప్టెంబర్ 28

స్లైడ్ మీద క్రిములు తప్ప ఇంకేం లేవు. కట్టలు కట్టలుగా ఉన్నాయి. హాలిస్ మైక్రోస్కోప్ వదిలి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఇన్ని క్రిములు పోగవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. నాగమణి పెళ్ళయి ఈ దేశం వచ్చింది నాలుగేళ్ళ కిందే.

అక్టోబర్ 4

ఎప్పటినుంచి, అని కృష్ణమోహన్‌ని అడిగాను. తలుపు మూసి రమ్మన్నాడు.

ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా తెలిసిందట. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. బస్సెక్కి దూరంగా ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్ళి వేరే పేరు చెప్పి మందు తెచ్చుకునేవాడట. తెల్ల మాత్రలు. జీవితాంతం మానకూడదని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. క్రిమి పోయింది, ఇప్పుడెవరికీ ప్రమాదం లేదు, మాత్రలు మాత్రం మానకు, అందట. అమెరికా వచ్చేటప్పుడు మానేశాడు. ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె విప్పి ఇవేమిటి అంటే ఏం చెప్పను మేడమ్, అన్నాడు. ఇక్కడికొచ్చాక ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగినా పంపించేస్తారనుకున్నాడు. ఒక ఏడు ఏమీ కాలేదు. రెండేళ్ళు ఏమీ కాలేదు. తగ్గిపోయింది అనుకున్నాను, అనుకోవాలనిపించింది, అన్నాడు. ఇండియా వెళ్ళి పెళ్ళి చేసుకున్నాడు.

నాగమణి చేతి మీద మచ్చ చూడగానే తెలిసిందా, అని అడిగాను.

తెలిసింది అన్నాడు. ఆమె చెప్పకముందే చూశాను, పాపకి స్నానం చేయిస్తుంటే.

మరి కంచం ఎందుకు వేరు చేశావు, బేస్‌మెంట్ ఎందుకు, వాళ్ళమ్మకి ఫోన్ ఎందుకు, ఆ బిడ్డ ఎందుకు. ఇవేవీ నేను అడగలేదు. నా మొహంలో కనిపించి ఉంటాయి. తనే చెప్పాడు. ఎవరైనా ఒకళ్ళ మీద పెట్టకపోతే అందరూ నావైపు చూసేవాళ్ళు మేడమ్. బిడ్డ పుడితే ఆసుపత్రిలో అందరూ నా ఒళ్ళు కూడా చూస్తారు. పాప నా గదిలో పడుకుంటోంది కదా. రోజూ అది నిద్రపోయాక నేను నేల మీద, తలుపు దగ్గర పడుకుంటున్నాను, అన్నాడు.

మీకు దండం పెడతాను, నాగమణికి చెప్పకండి అన్నాడు.

నాకు అతని మీద జాలి కలిగింది. కోపమే కలిగి ఉంటే తేలిగ్గా ఉండేది.

అక్టోబర్ 5

హాలిస్‌కి చెప్పాను. అది అతను నీకు చెప్పుకున్న సంగతి, ఇంకొకరికి చెప్పే హక్కు నీకు లేదు, అన్నాడు. ఆమె కూడా నా పేషెంటే అన్నాను. అవును, ఆమెది ఆమెకి చెప్పు, అతనిది అతన్నే చెప్పనీ, అన్నాడు.

కృష్ణమోహన్‌కి వారం టైమిచ్చాను. మీకు కూడా ఈ జబ్బుందని ఆమెకి తెలియక తప్పదు, మందులు ఒకే ఇంటికి వస్తాయి, మీరే చెప్పండి అన్నాను. సరే అన్నాడు. నాగమణి డిశ్చార్జ్ అయ్యాక ముగ్గురూ మళ్ళీ ఒకే ఇంట్లో ఉన్నారు. రేణుని మళ్ళీ చూశాను. ఇప్పటికి ఏమీ లేదు. అయిదేళ్ళు కనిపెట్టి చూడాలి. క్రిములున్న అతనికి మందు మొదలుపెట్టాం, ఇంక పాపకి కొత్తగా అంటుకునే భయం లేదు.

అక్టోబర్ 14

చెప్పాడట. నీ నుంచి నాకు అంటుకుంది, అని చెప్పాడట.

అక్టోబర్ 21

నాగమణి అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చింది. చేతికి స్ప్లింట్. ప్రెడ్నిసోన్‌తో మొహం గుండ్రంగా ఉబ్బింది. వారం నుంచీ ఆయన కాళ్ళ మీద పడి క్షమించమని అడుగుతున్నానండీ అంది. ఆయన లేపడం లేదు, అలా అని తిట్టడమూ లేదు, గోడకేసి తిరిగి కూర్చుంటున్నాడు. ఆయన్ని పాడుచేశాను. ఆయన ఉద్యోగం, సిటిజన్‌షిప్ అన్నీ పోతాయేమో. చెప్పండి, నా నుంచే కదా ఆయనకి వచ్చింది?

హాలిస్ మాట గుర్తు తెచ్చుకున్నాను. ఆమెది ఆమెకి.

మేలో నీ చేతి నుంచి ముక్క తీశాను కదా, దాన్లో హాలిస్, నేను ఇద్దరం వెతికాం, ఒక్క క్రిమి కూడా దొరకలేదు, అన్నాను. నీకున్న రకంలో ఇంకొకరికి ఇచ్చేంత క్రిమి ఉండదు. జబ్బు పేరు చెప్పిన రోజే అన్నాను, పాపని ఎత్తుకోమని. నీ నుంచి ఎవరికీ రాలేదు. రాలేదు కాదు, రాదు. ఇది నీ ఒంటి సంగతి, అందుకని నీకు చెప్తున్నాను. ఇంతకుమించి నేను చెప్పకూడదు.

విన్నది. అర్థం కాలేదనుకుని మళ్ళీ మొదలుపెట్టబోయాను. చెయ్యెత్తి ఆపింది.

మరి నాకెవరి నుంచి వచ్చింది, అంది. నన్ను కాదు, తనని తనే అడుగుతున్నట్టు. నేను టేబుల్ వైపు చూశాను.

కాసేపటికి, ఆయన ఎప్పుడూ బూట్లు విప్పడు, అంది. ఇంట్లో కూడా. నేను అది అమెరికా అలవాటనుకున్నాను.

లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. అయితే ఆ బిడ్డని ఎందుకు తీయించాడు, అంది. అప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి. నోట్లో కొంగు కుక్కుకుని, బయట పేషెంట్లకి వినపడకుండా.

అక్టోబర్ 23

ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

నవంబర్ 9

కృష్ణమోహన్‌ని అంబులెన్స్‌లో తెచ్చారు. జ్వరం, ఒళ్ళంతా ఎర్రటి గడ్డలు, కళ్ళు ఎర్రబడ్డాయి. దుప్పటి తగిలినా అరుస్తున్నాడు. చచ్చిన క్రిముల మీద ఒళ్ళు తిరగబడటం ఇది. మందు పనిచేస్తోందనడానికి గుర్తు అని చెప్తే పేషెంట్లు ఎవరూ నమ్మరు.

దీనికి పనిచేసే మాత్ర థాలిడోమైడ్. కడుపులో బిడ్డల్ని చేతులూ కాళ్ళూ లేకుండా పుట్టించిన మందు. లూసియానా వాళ్ళ అనుమతితో తెప్పించాం. ఫార్మసిస్ట్ రెండుసార్లు అడిగాడు, ఇంట్లో గర్భిణీ ఎవరైనా ఉన్నారా అని.

లేరు అన్నాను.

నవంబర్ 14

నాగమణి రోజూ వస్తోంది. పొద్దున రేణుని పక్కింటి ఆవిడ దగ్గర దింపి, రెండు బస్సులు మారి వస్తోంది. బాగున్న చేత్తో అన్నం కలిపి చెంచాతో పెడుతోంది. అరికాలి పుండు తనే కడుగుతోంది, నర్స్ ఎలా చెయ్యాలో చూపిస్తే. అతను ఏదో చెప్పబోతాడు. ఆమె చెంచా నోటి దగ్గర పెడుతుంది. గదిలో ఒక్క మాట ఉండదు. వార్డు నర్సులు ఆమె భక్తిని మెచ్చుకుంటున్నారు.

కారిడార్లో అడిగాను, నీకెలా ఉంది అని. ఒంట్లో బాగా లేని మనిషి కదండీ అంది. నేను ఆయన గురించి అడగలేదని తనకీ తెలుసు.

నవంబర్ 22

ఇవాళ అతను చెప్పేశాడట. చెంచా పక్కకి తోసి అంతా చెప్పాడట, హాస్టల్ నుంచి. నాగమణి విని, మజ్జిగన్నం మిగిలిపోయింది తినండి, అందట. అతనే నాకు చెప్పాడు. తిట్టలేదు మేడమ్, ఒక్క మాట తిట్టలేదు, అని దిండులో మొహం పెట్టుకున్నాడు.

డిసెంబర్ 16

కృష్ణమోహన్ డిశ్చార్జ్. కొత్త మందు క్లోఫాజిమిన్‌తో ఒళ్ళు రాగి రంగులోంచి నలుపులోకి తిరుగుతోంది. అద్దంలో చూసుకోవడం మానేశాడు. నాగమణి వచ్చి స్వెటర్ తొడిగి, మందుల టైములు చెప్పి, టాక్సీ ఎక్కించింది. తను ఎక్కలేదు. నిన్ననే రేణుని తీసుకుని వేరే అపార్ట్‌మెంట్‌కి మారిపోయిందని అప్పుడు తెలిసింది.

టాక్సీ తలుపు పట్టుకుని, మణీ, అన్నాడు. జాగ్రత్తగా వెళ్ళండి, అని తలుపు వేసింది.

మేమిద్దరం చలిలో చాలాసేపు నిలబడ్డాం. ఆయన మంచంలో ఉండగా వెళ్ళిపోతే నాకు నేనే నచ్చనండీ, అంది.

1984 జనవరి 30

కృష్ణమోహన్ లూసియానా ఆసుపత్రికి వెళ్ళాడు. ఎవరూ పంపలేదు, తనే అడిగి వెళ్ళాడు. ఎంతకాలం అంటే తెలియదు అన్నాడు. అక్కడ కళ్ళజోడు పెట్టుకోనక్కర్లేదు కదా మేడమ్, అన్నాడు.

సిటిజన్‌షిప్ మంజూరైంది అతనికి. ఆఖరి ప్రమాణానికి వెళ్ళలేదు.

ఏప్రిల్ 17

నాగమణి లాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నేను అడగలేదు. సర్జన్ వేళ్ళకి ఆపరేషన్ చెయ్యొచ్చు అన్నాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పావా అన్నాను. చెప్పలేదట. అల్లుడు అలాంటివాడని తెలిస్తే అమ్మ ఇంకా బాధపడుతుంది, మా వంశంలో ఉందనుకుంటేనే నయం, అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

1985 జూన్ 7

రేణు వార్షిక పరీక్ష. అయిదేళ్ళొచ్చాయి. ఒళ్ళంతా చూశాను, నరాలు పట్టి చూశాను. పూర్తిగా ఆరోగ్యంగా ఉంది. బయట కూర్చున్న నాగమణికి చెప్పాను.

కళ్ళు మూసుకుని తెరిచింది. అయితే ఆ బిడ్డకీ ఏమీ ఉండేది కాదు కదండీ, అంది.

ఉండేది కాదు, అన్నాను.